చేంజ్ రిపోర్టు

గడ్చిరోలి కచేరీ లెక్కల్లో
మా బుచ్చిలింగం మామ ఇంకా బతికే ఉన్నాడు.
షెడ్యూలు ఒకటి, మూడో వరస,
వయసు యాభై ఆరు, వృత్తి కిరాణా.
ప్రాణహిత ఒడ్డున ఆయన్ని కాల్చి
మూడు వానాకాలాలు దాటినా
ఆయన పేరిటే నోటీసులొస్తాయి,
స్వయంగా హాజరు కావలెనని.

సిరొంచ సర్కారు దవాఖాన గేటు పక్కన
రేకుల కింద మాది జావ పొయ్యి.
తెల్లారి అయిదింటికి
మగపిల్లాడని నవ్వుకుంటూ వచ్చేవాడికీ
లోపల ఎవరినో వదిలేసి
చెప్పులు మర్చిపోయి వచ్చినవాడికీ
ఒకే గరిటె, ఒకే ఉప్పు.
మామ పెట్టిన పొయ్యి, మామ రాయని లెక్క.
ఆ రాత నాకొచ్చింది:
ఇంట్లో తెలుగు, చిట్టాలో మరాఠీ,
ఇంటిపేరు చివర ఎవరో తగిలించిన 'వార్'.

చంద్రపూర్ ఆడిటర్ మంచోడే,
చాయ్ తాగించి మరీ అడుగుతాడు.
నూటికి ఎనభై అయిదు ఏడాదిలోపే ఖర్చయ్యిందా?
అయ్యింది సార్, నూటికి నూట నాలుగు.
ఆ నాలుగు ఎక్కడిది?
జొన్నల అంగట్లో బాకీ.
మిగిలిన జావ?
కుక్కలకు పోశాం.
ట్రస్టు దస్తావేజులో కుక్కలున్నాయా?
అక్కడే కూర్చుని వెతికాను.
'ఆకలిగొన్న సర్వులు' అని ఉంది,
కాళ్లెన్ని అని లేదు.

రేవులో చేపలమ్మే అవ్వ ఒకతె
ప్రతి బేస్తారం కొంగుముడి విప్పి
డబ్బాలో ఇరవై రూపాయలు వేస్తుంది.
రసీదు పుస్తకం తెరిచి పేరడుగుతాను.
"పేరెందుకు బిడ్డా?
పేరు జెప్తె నేనిచ్చినట్టయితది.
గప్పుడు తాగెటోని మొకం ఎట్ల సూడాలె?"
చట్టం దృష్టిలో ఆమె అనామక దాత.
అనామకం హద్దు మీరితే
ముప్పై శాతం పన్ను.
మీది ఆ గీత దరిదాపుల్లోకి రాదులే
అంటూనే ఆడిటరు
చేపల వాసనేసే ఆ ఇరవై చుట్టూ
ఎర్రసిరాతో సున్నా చుడతాడు.

నవ్వకండి, ఆ సున్నా నాకు కావాలి.
అంకిస రోడ్డులో ఇంకో ట్రస్టుండేది.
అనాథ పిల్లల బొమ్మతో బోర్డు,
పిల్లలు లేరు, జీపు ఉంది.
రసీదులు మాత్రం ముత్యాల్లాంటి దస్తూరీ,
ప్రతి దాతకూ పేరూ ఊరూ పాన్ నంబరూ.
వాళ్లనడగాల్సిన ప్రశ్నే నన్నూ అడుగుతారు.
జీపుకీ జావగిన్నెకీ ఒకటే ఫారం.
ఫారం మీద నాకు కోపం లేదు.
ఉంది, కొంచెం,
రాత్రి పదకొండింటికి
కూడిక మూడోసారీ తప్పినప్పుడు.

మొన్న మరణ దాఖలా సంచిలో పెట్టుకుని
ఎర్రబస్సెక్కాను.
ఆలపల్లి అడవంతా కునుకు, గోతులు, కునుకు.
మామ గడిలో కొత్తపేరు: మల్లుబాయి.
మా అత్త. రోజూ పొయ్యి ముట్టించేది ఆమే,
రిజిస్టరు ప్రకారం మూడేళ్లుగా
అక్కడ ఆమె ఎవరూ కాదు.
గుమాస్తా కాగితం తిప్పితిప్పి చూసి
వేలు ఒకచోట ఆపాడు.
ఇందులో బుచ్చయ్య అని ఉంది,
మా దగ్గర బుచ్చిలింగం.
చచ్చినవాడూ ట్రస్టీ ఒకడేనని
ఎవరు చెప్తారు?
నేను చెప్తున్నాగా అన్నాను.
అఫిడవిట్లో చెప్పు అన్నాడు.
తారీఖు మార్చి పధ్నాలుగుకి పడింది.

మర్నాడు చీకటితోనే పొయ్యి దగ్గరికెళ్లాను.
అత్త పిండి కలుపుతోంది,
పొగలో కళ్లు సగం మూసుకుని.
"ఏమన్నరు ఆపీసుల?"
మామ ఇంకా బతికే ఉన్నాడన్నారత్తా.
గరిటె ఒక్క క్షణం ఆగింది.
"అయితె ఇంకో గిలాస నీళ్లు పొయ్యి,"
అంది.